పీతనదీతీరమున పూటకూళ్ల యిల్లు

దేశచరిత్రములు వ్రాయువారు రాజుల పట్టాభిషేకములను, యుద్ధములను, సంధులను లెక్కింతురు. ప్రజలు ఎచట, ఎవరి సరసను గూర్చుండి, ఎంత వెలకు, ఏమి తినిరో విచారించువారు అరుదు. కాని యొక జాతి నడవడిని తెలిసికొనుటకు వెల పుచ్చుకొని అన్నము పెట్టు ఇంటికంటె మంచి సాక్షి లేదు. ఇంటిలో మనవారితోనే భుజింతుము. దేవాలయమున ప్రసాదముగా గ్రహింతుము. పెండ్లిలో పిలుపందినవారమై తిందుము. పూటకూటింట పిలుపు లేదు, చుట్టరికము లేదు. చేతిలోని కాసే పిలుపు. అట్టిచోట మనుష్యుడు మనుష్యునితో నెట్లు మెలగునో, అదియే వాని నిజమైన నాగరకత.

తెలుగువారికి పూటకూటిల్లు క్రొత్తది కాదు. ఓరుగంటి వీధులను వర్ణించిన క్రీడాభిరామమున ఒక్క రూక యిచ్చినవానికి కమ్మని భోజనము పెట్టు ఇల్లు కానవచ్చును. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ కలదు. వితంతువైన స్త్రీ తన వంటచేతిని నమ్ముకొని బ్రదుకుట ఆ నాటకము చదివినవారు మరువరు. అట్టి ఇల్లే యొకటి చీనాదేశపు వాయవ్యమూలను పుట్టి, దేశమంతట వ్యాపించి, సముద్రములు దాటి పరదేశముల వీధులలోను నేడు కానవచ్చుచున్నది. చేతితో సాగదీసిన పిండితీగలను వేడిరసములో వేసి యిచ్చు లాన్‌జౌ నూడుల్సు అంగడి అది. దాని చరిత్రము మన ఇండ్లలోని వారికిని విచారింపదగినది.

లాన్‌జౌ గాన్సు రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. ఇరుప్రక్కల ఎండిన కొండలు, నడుమ బురదవన్నె నీటితో బారు హువాంగ్‌హో, అనగా పీతనది. పూర్వము పట్టువర్తకుల బిడారులు పడమటికి బోవు త్రోవలో ఈ యూరు ముఖ్యమైన మజిలీ. 7వ శతాబ్దమున హ్యూన్‌త్సాంగు మన దేశమునకు బయలుదేరినపుడు లాన్‌జౌలో ఒక రాత్రి నిలిచెనని ఆయన జీవితచరిత్రమున గలదు. ఆ యాత్రికుడే పిదప ఆంధ్రదేశమునకు వచ్చి ధాన్యకటకమును దర్శించెను. కావున ఆ యూరికిని మనకును నడుమ నొక సన్నని త్రోవ పదుమూడు శతాబ్దములకు పూర్వమే యున్నది.

ఆ యూరి అంగడిలో భోజనము చేయు విధ మిది. వాకిటనే పైకము చెల్లించి చీటి పుచ్చుకొనవలెను. పాకశాల కిటికీకడ ఆ చీటి నిచ్చి, తీగ యెంత లావుగా నుండవలెనో చెప్పవలెను. వెండ్రుకవలె సన్ననిది, దారమువంటిది, ఉల్లియాకువలె బల్లపరుపైనది, పటకావలె వెడలుపైనది, మూడంచులు గలది అని పెక్కు రీతులున్నవి. చెప్పినంతట వంటవాడు పిండిముద్దను గైకొని నీ కన్నులయెదుటనే లాగి, మరుగుచున్న నీటిలో విడుచును. కొలది నిమిషములలో గిన్నె చేతికి వచ్చును. తేటయైన రసము, తెల్లని ముల్లంగి ముక్కలు, ఎర్రని మిరపనూనె, పచ్చని కొత్తిమీరయు వెల్లుల్లి యాకులును, పసుపువన్నె తీగలు. ఈ యైదు వన్నెలు నున్నగాని అది లాన్‌జౌ గిన్నె కాదని అచటివారి సిద్ధాంతము. గిన్నె పుచ్చుకొని ఖాళీ యున్నచోట గూర్చుండవలసినదే. ప్రక్కవాడు గుమాస్తాయో, బండి తోలువాడో, పాఠశాలకు బోవు పిల్లవాడో యెవరు నడుగరు. ఇది అచట ముఖ్యముగా నుదయపు భోజనము. తెల్లవారకమున్నే కాచిన రసము మధ్యాహ్నమునకు దీరిపోవును, పెక్కంగళ్లు తలుపులు మూయును.

ఆ రసము ఎద్దుమాంసముతో గాచినదని చెప్పక దాచుట ధర్మము కాదు. మన చదువరులలో బలువురకు అది నిషిద్ధము. ఆ పదార్థమును తినుడని చెప్పుట నా యుద్దేశము కాదు. వారు గూర్చుండు విధమును, ఆ యంగడి నిలిచిన విధమును చూడుడని మాత్రమే నా ప్రార్థన.

తీగ లాగుటలో నున్న గణితము చిన్నపిల్లలకు జెప్పదగినది. ముద్దను త్రాటివలె సాగదీసి రెండుగా మడచినచో రెండు పోగులు. మరల లాగి మడచిన నాలుగు. ఆ మీద ఎనిమిది, పదునారు. ఏడు మడతలకు 128 పోగులు, ఎనిమిది మడతలకు 256 పోగులు. కత్తి లేదు, యంత్రము లేదు. రెండు చేతులును, పిండియొక్క స్వభావమునే సాధనములు. గోధుమలోని మాంసకృత్తులు నీటితో గలిసి మర్దనచే నొండొంటితో బెనగొని జిగురై సాగును. ఆ జిగురు బియ్యమునకు లేదు, జొన్నకు లేదు. కావుననే మనము సేమియాను లాగితిమి గాని జంతికలను గొట్టములో నొత్తితిమి.

అయినను గోధుమ యొక్కటియే చాలదు. లాన్‌జౌ వంటవారు పూర్వము ఎడారిలోని చౌటినేలపై మొలచు ఒక మొక్కను గాల్చి, ఆ బూడిదనుండి క్షారము తీసి పిండిలో గలిపెడివారు. క్షారముచే పిండి త్రెగక సాగును, పసుపువన్నెయు వచ్చును. మన వైద్యులు ఉత్తరేణిని గాల్చి క్షారము తీయుట, మన ఇల్లాండ్రు అప్పడముల పిండిలో క్షారము కలుపుట జ్ఞప్తికి దెచ్చుకొనుడు. దూరదేశములలో ఒకే జ్ఞానము వేరువేరుగా బుట్టును. మూడుమారులు నీరు, మూడుమారులు క్షారము, ఎనుబదియొక్కమారు మర్దన యని అచటి పనివారి లెక్క. ఇప్పుడు బూడిదకు మారుగా కర్మాగారములలో చేసిన పొడిని వాడువారే యెక్కువ; మర్దన మాత్రము తప్పలేదు.

ఈ భోజన మెంత ప్రాచీనమో చెప్పునపుడు జాగరూకత వలయును. పీతనదీతీరముననే, చింగ్‌హై రాష్ట్రములోని లాజియా యను చోట, భూకంపముచేతను వరదచేతను నశించిన యొక గ్రామము త్రవ్వకములలో బయల్పడినది. అచట మూడు మీటర్ల లోతున బోర్లబడిన మట్టిగిన్నె క్రింద సన్నని పిండితీగలు కనబడెనని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వాని వయస్సు సుమారు 4000 సంవత్సరములు. పొడవు 50 సెంటీమీటర్లకు మించినది. అవి గోధుమవి కావు, కొఱ్ఱ, వరిగ వంటి చిరుధాన్యములవి. జిగురులేని ఆ పిండిని చేతితో లాగుట సాధ్యమా, లేక రంధ్రములగుండ నొత్తిరా యని పండితులు వాదించుచున్నారు. కావున ఆ గిన్నెను నేటి అంగడికి మూలపురుషుడని చెప్పుట తొందరపాటు. ఆ నదీతీరపు ప్రజలు పిండిని తీగగా జేయుట మిక్కిలి పాతదని చెప్పిన జాలును.

గోధుమ పడమటి ఆసియానుండి చీనాకు వచ్చినది. పడమటివారు దానిని కాల్చి రొట్టె జేసికొనిరి. చీనావారు తమ యావిరికుండలలో, నీటికుండలలో వండుకొనిరి. క్రీ.శ. 300 ప్రాంతమున షూ షీ యను కవి పిండివంటలను గూర్చి యొక కావ్యము వ్రాసి, శీతకాలపు తెల్లవారుజామున చలికి వేడిరసములోని పిండిముక్కలే మందని మెచ్చుకొనెను. 6వ శతాబ్దమున జియా సిషియె వ్రాసిన కృషిశాస్త్ర గ్రంథమున, మాంసరసముతో బిసికిన పిండిని పుల్లంత లావున జేసి, నీటిలో నానవైచి, ఉల్లియాకంత పలుచగా వ్రేళ్లతో నొత్తి యుడికించు విధము గలదు. నేటి అంగడిలో ‘ఉల్లియాకు’ అని యడిగి తీసికొను తీగకు పేరిడిన యుపమానము పదునాలుగు వందల యేండ్లనాటిదన్నమాట. చేతితో లాగి తీగ జేయు పద్ధతి 1504 నాటి సుంగ్ షు పాకగ్రంథమున స్పష్టముగా గానవచ్చుచున్నది.

వెలకు భోజనము పెట్టు అంగళ్లును ఆ దేశమున బహుకాలముగా నున్నవి. శత్రువుల పాలైన కైఫెంగు రాజధానిని దలచుకొని మెంగ్ యువాన్‌లావో 1147లో వ్రాసిన గ్రంథమున ఆ యంగళ్ల సందడి కలదు. వడ్డనవాడు పదిమంది పది తీరుల నడిగిన వంటకములను మనసున నుంచుకొని, కుడిచేతినుండి భుజమువరకు ఇరువది గిన్నెలు పేర్చుకొని తెచ్చి, తప్పక ఎవరిది వారికిచ్చెడివాడట. తప్పినచో యజమాని తిట్టును, జీతము తెగును. తినువాని సుఖమును వ్రాసిన చరిత్రకారులు గలరు గాని పెట్టువాని కష్టమును రెండు పంక్తులలోనైన దలచినవారు కొందరే.

ఇక లాన్‌జౌ అంగడిని నిలిపినవా రెవరు? హుయి యను ముసల్మానులు. పూర్వము పారశీక, అరబ్బు, మధ్యాసియా దేశములనుండి వచ్చిన వర్తకులును సైనికులును చీనాలో స్థిరపడి, అచటి స్త్రీలను వివాహమాడి, అచటి భాషనే మాటలాడుచు, మతమును మాత్రము నిలుపుకొనిరి. 1862 మొదలు 1873 వరకు షాన్‌షీ, గాన్సు సీమలలో వీరికిని ప్రభుత్వమునకును ఘోరయుద్ధము జరిగెను. లక్షలకొలది జనులు మడసిరి. మిగిలినవారిలో బలువురను నదీతీరపు మంచి భూములనుండి వెడలగొట్టి, నీరులేని కొండనేలలలో నుంచిరి. కొందరు 1877 శీతకాలమున మంచుకొండలు దాటి రష్యా రాజ్యమును జేరిరి. వారి సంతతివారు కజకస్థాను, కిర్గిజస్థానులలో నేటికిని తమ తీగలను లాగుచున్నారు. వాని పేరు లగ్‌మన్, చీనావారి ‘లామియన్’ అను మాటయే.

భూమి పోయినవానికి చేతిపని మిగులును. బిడారులు నడపుట, తోళ్లు బేరమాడుట, మాంసమమ్ముట, అన్నము వండిపెట్టుట వీరికి జీవనాధారము లయ్యెను. లాన్‌జౌలో మా బావొజి యను నిరుపేద హుయి, ఇంట తీగలు వండి కావడిలో వేడికుండ బెట్టుకొని వీధులలో నమ్మెడివాడనియు, 1915 ప్రాంతమున రసమును తేటగా జేయు నేర్పు కనిపెట్టి పేరుపొందెననియు జనులు చెప్పుకొందురు. అంతకు శతాబ్దము ముందే ఈ వంటకమును నేర్చినవా రుండిరని వేరొక ఐతిహ్యము గలదు. మూలపురుషు డెవడైనను, ఈ గిన్నె రాజుల పాకశాలలో బుట్టలేదు, కావడిలో బుట్టినది.

1956లో చీనాలో చిల్లర వ్యాపారములు ప్రభుత్వమున గలిసిపోయినవి. 1959 మొదలు 1961 వరకు వచ్చిన కాటకమున గాన్సు రాష్ట్రము మిక్కిలి బాధపడిన వానిలో నొకటి. 1978 తరువాత చిన్న అంగళ్లకు మరల ననుజ్ఞ లభించెను. అప్పుడు ముందడుగు వేసినవారు లాన్‌జౌవారు కాక, పొరుగున చింగ్‌హైలోని హువాలుంగ్ యను కొండసీమలోని పేద హుయి రైతులు. 1980ల చివరనుండి వారు సముద్రతీరపు నగరములకు రైలెక్కి, అప్పుచేసి యొక చిన్నగది యద్దెకు దీసికొని, భర్త తీగ లాగ, భార్య గిన్నెలు కడుగ, తమ్ముడు వడ్డింప, ‘లాన్‌జౌ’ యను పేరుగల పలక వ్రేలాడగట్టిరి. నేడు చీనా నగరములలో నా పేరుతో నున్న అంగళ్లలో బహుభాగము వీరివే. ఒకరు స్థిరపడగానే బావమరదిని, పినతండ్రి కొడుకును పిలిపించి పని నేర్పి, వేరంగడి పెట్టింతురు. తమ యూరిపేరు దెలియనివారికి పొరుగూరి పేరుతో నన్నము పెట్టి బ్రదికిరి.

ఈ గిన్నె వెల అచట నెంతటి ప్రజావిషయమో 2007లో దెలిసెను. పిండి, మాంసముల ధరలు పెరిగి అంగళ్లవారు వెల పెంచగా, లాన్‌జౌ అధికారులు సాధారణపు తరగతి అంగళ్లలో పెద్దగిన్నె 2.50 యువానులకు మించి యమ్మరాదని శాసించిరి. పొట్టపోసికొనువాడు తినువాని పొట్టపై గొట్టరాదని కొందరు. పిండికి లేని హద్దు గిన్నెకేల యని కొందరు. ఈ వాదమున రెండుప్రక్కలను న్యాయము గలదు. ఏలయన తినువాడును పేదయే, పెట్టువాడును పేదయే. నేడు ఆ వెలకు గిన్నె దొరకదు. కాని ఉదయపుటన్నము ఊరి యందరికి నందుబాటున నుండవలెనను తలంపు శ్లాఘ్యము. 2021లో ఈ పాకకౌశలమును చీనా ప్రభుత్వము జాతీయవారసత్వముల పట్టికలో జేర్చినది.

ఇక ముఖ్యవిషయము. హుయిల అంగడి వాకిట ‘చింగ్‌జెన్’ అను రెండక్షరము లుండును. నిర్మలము, సత్యము అని వాని యర్థము. ఇస్లాము మతము నిషేధించిన పదార్థము లోపల లేదని తాత్పర్యము. చీనాలో నధికసంఖ్యాకులైన హానులు పందిమాంసము ప్రియముగా దినువారు. అయినను వారీ యంగడికి నిస్సంకోచముగా వత్తురు. ఆ రెండక్షరములను జూచి, ఇది శుభ్రమైన చోటని నమ్మి మఱింత యిష్టముతో వత్తురు. అచట శౌచము వాకిట నిలిచి పిలుచుచున్నది.

దీనికి మనలో నొక సమాధానము సిద్ధముగా నుండును. ‘మనదేశమునను బ్రాహ్మణుని వంటశాలకు అందరు రాలేదా? బ్రాహ్మణభోజనశాల యను పేరు జూచి యెల్లవర్ణములవారును నమ్మలేదా? భేదమేమి?’ అని. ప్రశ్న న్యాయమైనది, భేదమును గుర్తింపవలెను. హుయి వాడు విచారించునది పదార్థమును. ఈ వస్తువు లోనికి రారాదు అనును. ఈ మనుష్యుడు రారాదు అనడు. వచ్చినవాడు ఏ కులమువాడైనను ఆ బల్లకడనే కూర్చుండును, ఆ గిన్నెలోనే తినును. ఆ గిన్నెనే కడిగి తరువాతివాని కిత్తురు. మన భోజనశాలలలో విచారించినది పుట్టుకను. వండిన చేతికే కాక తినువానికిని కుల మడిగితిమి. నడుమ తెర గట్టి లోపలి గది యొకరికి, వెలుపలి వసారా మఱియొకరికి నేర్పరచితిమి. రైలుస్టేషనులలో నీటికుండలకు సైతము మతము నిచ్చితిమి. ఇక కొందరికి వాకిలియే లేదు. పదార్థశౌచము తన నోటికి దాను పెట్టుకొనిన నియమము. జన్మశౌచము ఎదుటివాని మొగముమీద వేసిన తలుపు. ఈ రెంటిని ఒక్క పేరుతో బిలుచుటచేతనే మనము చిరకాలము మోసపోతిమి.

హ్యూన్‌త్సాంగు మన దేశమును గూర్చి వ్రాసినది చూడుడు. హిందువులు తినుటకు ముందు తప్పక కడుగుకొందురనియు, ఎంగిలి ముట్టరనియు, మట్టిపాత్రల నొకమారు వాడి పారవేయుదురనియు ఆయన మెచ్చుకొనెను. ఆ గ్రంథముననే, కసాయివారు, జాలరులు, పాకీవారు మున్నగువారి ఇండ్లకు గుర్తులు పెట్టి ఊరివెలుపల నుంచుదురనియు వ్రాసెను. శుచియు, వెలియు ఒకే పుటలో నున్నవి. మొదటిదానిని మనము పాఠ్యపుస్తకములలో నుదాహరింతుము, రెండవదానిని విడిచిపెట్టుదుము.

1950 జనవరి 26న నమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణమున అంగళ్లు, భోజనశాలలు, హోటళ్లు ఎవరికిని పుట్టుకచే నిషేధింపరాదని శాసించెను. 17వ అధికరణమున నస్పృశ్యతను రద్దు చేసెను. 1955లో శిక్షాస్మృతియు వచ్చెను. ఐనను అటుపిమ్మట ననేక దశాబ్దముల వరకు తెలుగుగ్రామముల టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి నడచినదన్న సంగతి అందరెరిగినదే. ఒక గ్లాసు లోపల, ఒక గ్లాసు చూరున. చూరునున్న దానిని త్రాగినవాడే కడిగి పెట్టవలెను. శాసనము కచ్చేరిలో పుట్టును గాని గ్లాసు దుకాణములో నుండును.

ఇట్లనుటచే చీనా స్వర్గమని భ్రమింపరాదు. 2019లో బెయిజింగునందు ముసల్మానుల భోజనశాలల పలకలపైనున్న అరబ్బీ యక్షరములను తీసివేయుడని అధికారు లాజ్ఞాపించిరి. అన్నము కావలెను, అన్నము పెట్టువాని యక్షరము కంటికి సహింపదు. ఒకరి గిన్నెలో దినుట వారిని గౌరవించుటతో సమానము కాదని ఇందువలన దేలుచున్నది. సహభోజనము ఆరంభమేకాని సిద్ధి కాదు. హువాలుంగ్ కొండలనుండి పిన్నవయసుననే చదువు మాని, తెల్లవారకమున్నె పిండి పిసుకుటకు లేచు పిల్లలనుగూడ తినువాడు మరువరాదు. చౌకయైన గిన్నెలో చౌకయైన శ్రమ యుండును.

ఐనను కావడినుండి బయలుదేరిన ఆ గిన్నె మనకొక ప్రశ్న వేయుచున్నది. నేడు మన పట్టణములలో సాయంకాలమైన తోడనే వీధిమొగల బండ్లమీద ఇనుపమూకుడులో వేయించిన నూడుల్సును మన పిల్లలు గుంపుగా నిలిచి తినుచున్నారు. అవి లాన్‌జౌవి కావు, చేతితో లాగినవియు గావు. కాని ఆ బండికడ కుల మడుగువాడు లేడు, వేరు పళ్లెము లేదు. వీధి కొంత బాగుపడినది. ఇల్లు బాగుపడినదా?

సంస్కర్తలమని చెప్పుకొను మన ఇండ్లలోనే, ప్రతిదినము అంట్లు తోమి, ఇల్లూడ్చి, మన పిల్లల నెత్తుకొను స్త్రీకి కాఫీ యిచ్చుటకు వేరొక గ్లాసు గూటిలో నున్నదేమో చూచుకొనుడు. ఆమె తోమిన పాత్రలలో మనము తిందుము. ఆమె త్రాగిన పాత్ర మన పాత్రలలో గలియరాదు. ఆ గ్లాసు శాసనముచే విరుగదు, ఉపన్యాసముచే విరుగదు. దానిని గూటినుండి దీసి తక్కిన గ్లాసులలో గలిపివేయుటకు ఇంటి యిల్లాలి చేయి చాలును. ఒక నిమిషపు పని. అది జరిగిననాడు పూటకూటింటికి వచ్చిన నాగరకత మన యింటికిని వచ్చినట్లగును.